కత్తుల తయారీకి తక్కువ ఖర్చులో బెల్ట్ గ్రైండర్: ఎలా ఎంచుకోవాలి, ఎలా పరీక్షించాలి

"కత్తులు చేయడం నేర్చుకుంటున్నాను. తక్కువలో వచ్చే బెల్ట్ గ్రైండర్ ఏది కొనమంటారు?" అని చాలామంది అడుగుతున్నారు. ఒక మోడల్ పేరు చెప్పేస్తే పని సులువే. కానీ మోడళ్ళు మారిపోతుంటాయి, ఒక చోట దొరికేది ఇంకోచోట దొరకదు. అందుకే ఏ యంత్రం ముందు నిలబడ్డా పనికొస్తుందో లేదో మీరే తేల్చుకునేలా ఈ పద్ధతి రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెబుతాను. కొత్తవాళ్ళు ముందు హెచ్‌పీ చూస్తారు, తర్వాత ధర చూస్తారు, బెల్టుల సంగతి ఇంటికి తెచ్చాక ఆలోచిస్తారు. దీన్ని తిరగేయండి. మొదట బెల్టు సైజు, తర్వాత వేగం, ఆ తర్వాతే మోటారు. ఈ వరుసలో చూస్తే డబ్బు వృథా కాదు.

కొనడానికి వెళ్ళే ముందు సిద్ధం చేసుకోవాల్సినవి:

- మొత్తం బడ్జెట్ ఎంతో కాగితం మీద రాసుకోండి. అందులో మూడో వంతు బెల్టులకు, మాస్కుకు, కళ్ళద్దాలకు పక్కన పెట్టండి. మిగిలిందే యంత్రం డబ్బు.
- మీ ఇంటి కరెంటు వివరాలు: ఎన్ని వోల్టులు, 50 హెర్ట్జా 60 హెర్ట్జా, యంత్రం పెట్టే చోట ప్లగ్గు ఎన్ని ఆంపియర్లది, ఎర్త్ సరిగ్గా ఉందా.
- ఒక స్టీలు స్కేలు, చిన్న మూలమట్టం, పర్మనెంట్ మార్కరు.
- 3 నుంచి 5 మిల్లీమీటర్ల మందం ఉన్న మామూలు మైల్డ్ స్టీల్ పట్టీ ముక్క ఒకటి. యంత్రాన్ని దీనిమీదే పరీక్షిస్తారు.

1. అసలు యంత్రం ఇప్పుడే కావాలా, తేల్చుకోండి

ఒకటి రెండు కత్తులు చేసి చూద్దామని మాత్రమే ఉంటే గ్రైండర్ కొనకండి. మంచి ఆకురాయి, బ్లేడును ఒకే కోణంలో రుద్దడానికి పనికొచ్చే ఫైలింగ్ జిగ్, ఎమెరీ కాగితం ఉంటే చాలు. పని నెమ్మదిగా సాగుతుంది, కానీ బెవెల్ (బ్లేడు అంచు వైపు తీసే వాలు) అంటే ఏమిటో, రెండు వైపులా సమానంగా రావాలంటే ఏం చేయాలో చేతికి బాగా తెలుస్తుంది. పైగా ఆ జిగ్, ఆ ఆకురాయి గ్రైండర్ వచ్చాక కూడా ఉపయోగపడతాయి. వరసగా కత్తులు చేయాలన్న ఉద్దేశం ఉంటేనే రెండో అంచెకు వెళ్ళండి.

2. బెల్టు సైజు నిర్ణయించుకోండి

బెల్టు సైజులో మొదటి అంకె వెడల్పు, రెండోది చుట్టుకొలత, రెండూ అంగుళాల్లో. తరచుగా కనిపించేవి 1×30, 2×42, 2×48, 4×36, 2×72. ఒకసారి యంత్రం కొన్నాక దాని సైజు బెల్టులే ఎప్పటికీ కొనాలి. అందుకని యంత్రం చూడకముందే మీకు అందుబాటులో ఉన్న అమ్మకందారుల దగ్గర ఆ సైజులో ఏయే బెల్టులు ఉన్నాయో చూడండి. 36 లేదా 60 గ్రిట్ (గరుకును చెప్పే అంకె, పెరిగేకొద్దీ నునుపు) సిరామిక్, 120 గ్రిట్, 220 గ్రిట్, 400 గ్రిట్, వంపులకు మెత్తటి బట్ట వీపున్న జె-ఫ్లెక్స్ బెల్టు, ఇవన్నీ ఆ సైజులో దొరుకుతున్నాయా? ఒకే రకం గరుకు బెల్టు తప్ప ఏమీ దొరకని సైజు అయితే యంత్రం ఎంత చవకైనా వదిలేయండి.

సైజుల మధ్య తేడా ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. 1×30 బెల్టు మీద 30 చదరపు అంగుళాల గరుకు ఉంటుంది. 2×42 మీద 84. 2×72 మీద 144. అంటే 1×30 కన్నా 2×72 మీద దాదాపు 5 రెట్లు ఎక్కువ గరుకు. బెల్టు అరగడానికి అంత ఎక్కువ సమయం పడుతుంది. పొడవు ఎక్కువ కాబట్టి ప్రతి ముక్కా మళ్ళీ లోహాన్ని తాకేలోపు కాస్త చల్లబడుతుంది కూడా. 2×72 బెల్టు ఒక్కటి కొంటే ఖరీదుగా అనిపిస్తుంది. అది తీసే లోహంతో పోల్చి చూస్తే చాలాసార్లు చిన్న బెల్టే ఎక్కువ ఖర్చు.

ఇక ఒక్కో సైజు గురించి.

1×30: అన్నిటికన్నా చవక, బల్ల మీద పట్టేస్తుంది. చిన్న కత్తులకు, వంటింటి కత్తులు సానపెట్టడానికి బాగుంటుంది. కానీ బెల్టు అంగుళం వెడల్పే కాబట్టి పొడవాటి బెవెల్ మీద గాడులు పడతాయి. మోటారు చిన్నది, గట్టిగా నొక్కితే ఆగిపోతుంది. వేగం సాధారణంగా ఒక్కటే, అదీ ఎక్కువే. డబ్బు బాగా తక్కువగా ఉంటే దీంతో మొదలుపెట్టడంలో తప్పు లేదు. పెద్దది కొన్నాక కూడా దీన్ని సానకు ఉంచుకోవచ్చు.

2×42, 2×48: మధ్యరకం. యంత్రం పర్వాలేదు, బెల్టుల దగ్గరే చిక్కు. కొన్నిచోట్ల బాగా దొరుకుతాయి, కొన్నిచోట్ల అసలు దొరకవు. దొరికితే కొనండి.

4×36: వడ్రంగం పనికి తయారైనది. గరుకు వైశాల్యం 2×72తో సమానమే, అయినా కత్తులకు ఇబ్బంది పెడుతుంది. బెల్టు వెడల్పు, చుట్టూ బాడీ అడ్డం. బెవెల్ పిడి దగ్గర ఆగే చోటును, అంటే ప్లంజ్ లైన్‌ను, శుభ్రంగా తీయడానికి బెల్టు అంచు అందదు. ఇంట్లో ఇప్పటికే ఉంటే పట్టీని చదును చేయడానికి, పిడి చెక్కలను సమం చేయడానికి వాడుకోండి. కత్తుల కోసమని కొత్తగా కొనకండి.

2×72: కత్తులు చేసేవాళ్ళు ఎక్కువగా వాడేది ఇదే, అందుకే బెల్టు రకాలన్నీ మొదట ఈ సైజులోనే వస్తాయి. రెడీమేడ్‌గా ఖరీదు ఎక్కువ. తక్కువలో కావాలంటే దారి ఉంది: వెల్డింగ్ అవసరం లేకుండా బోల్టులతో బిగించుకునే ఫ్రేమ్ కిట్, లేదా చక్రాల సెట్టు మాత్రం కొని ఫ్రేము మీరే చేయించుకోవడం. డ్రైవ్ వీల్ (బెల్టును తిప్పేది), ట్రాకింగ్ వీల్ (బెల్టును పక్కకు జరగకుండా నిలబెట్టేది), రెండు చిన్న ఐడ్లర్ వీల్స్ (బెల్టుతోపాటు ఊరికే తిరిగేవి), ఈ నాలుగూ మాత్రం సొంతంగా చేసుకోవడానికి ప్రయత్నించకండి. లేత్ మీద కచ్చితంగా తీసినవే కొనండి. ఫ్రేములో కాస్త వంకర ఉంటే సరిదిద్దుకోవచ్చు. వంకర చక్రం మాత్రం తిరిగినంతసేపూ బెల్టును అదిరిస్తుంది.

ఫ్రేములో ప్లేటెన్‌నూ (బెల్టు వెనకుండే చదునైన పలక) టూల్ రెస్ట్‌నూ (బ్లేడును ఆనించే చిన్న బల్ల) పట్టుకునే కడ్డీ సైజు కూడా అడగండి. ఒకటిన్నర అంగుళాల చదరపు కడ్డీ బాగా వాడుకలో ఉంది. ఆ సైజైతే రేపు వేరేచోట కాంటాక్ట్ వీల్ (ప్లేటెన్‌కు బదులు బెల్టు వెనక పెట్టే చక్రం) కొన్నా ఇదే ఫ్రేముకు సరిపోయే అవకాశం ఎక్కువ.

3. బెల్టు వేగం లెక్క వేయండి

అమ్మేవాళ్ళు మోటారు ఆర్‌పీఎం (నిమిషానికి ఎన్ని చుట్లు) చెబుతారు. మీకు కావాల్సింది బెల్టు వేగం. లెక్క సులువు: డ్రైవ్ వీల్ వ్యాసాన్ని మీటర్లలో తీసుకుని, 3.14తో, ఆర్‌పీఎంతో గుణించి, 60తో భాగించండి. సెకనుకు ఎన్ని మీటర్లో వస్తుంది.

- 100 మిల్లీమీటర్ల చక్రం, 2800 ఆర్‌పీఎం: సెకనుకు సుమారు 14.7 మీటర్లు
- 150 మిల్లీమీటర్ల చక్రం, 1400 ఆర్‌పీఎం: సుమారు 11 మీటర్లు
- 100 మిల్లీమీటర్ల చక్రం, 1400 ఆర్‌పీఎం: సుమారు 7.3 మీటర్లు

లోహాన్ని త్వరగా కొట్టేయడానికి 15, ఆపైన వేగం బాగుంటుంది. అదే వేగం కొత్త చేతికి ప్రమాదం. ఒక్క క్షణం చెయ్యి వణికితే బెవెల్‌లో పడ్డ లొత్తును సరిచేయడానికి బ్లేడు మొత్తం పలచన చేయాల్సి వస్తుంది. గట్టిపరిచిన బ్లేడు మీద, పిడి చెక్క మీద అయితే అంత వేగం అసలు అక్కర్లేదు, మాడిపోతాయి. వేగం ఒక్కటే ఉండే యంత్రం కొనక తప్పకపోతే 7 నుంచి 11 మధ్య ఉన్నది తీసుకోండి. పని కాస్త నిదానంగా సాగుతుంది, బ్లేడు మాత్రం చేతిలో ఉంటుంది.

4. వేగం తగ్గించుకునే మార్గం చూసుకోండి

ఎక్కువ ప్రశ్నలు వచ్చేదీ, ఎక్కువ డబ్బు వృథా అయ్యేదీ ఇక్కడే. కాస్త నెమ్మదిగా చదవండి.

మొదటి మార్గం స్టెప్ పుల్లీ. మోటారుకూ డ్రైవ్ వీల్ ఇరుసుకూ మధ్య రెండు మూడు మెట్లున్న పుల్లీలు, ఒక వీ-బెల్టు. వేగం మార్చాలంటే యంత్రం ఆపి వీ-బెల్టును ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు మార్చాలి. చిరాకు పని. కానీ చవక, మామూలు సింగిల్ ఫేజ్ మోటారుతో నడుస్తుంది, పాడయ్యే ఎలక్ట్రానిక్స్ లేవు. పుల్లీలకు, వీ-బెల్టుకు మూత తప్పనిసరిగా ఉండాలి.

రెండో మార్గం వీఎఫ్‌డీ (వేరియబుల్ ఫ్రీక్వెన్సీ డ్రైవ్). త్రీ ఫేజ్ మోటారుకు వెళ్ళే కరెంటు ఫ్రీక్వెన్సీని మార్చి, నాబ్ తిప్పినంత సులువుగా వేగం మారుస్తుంది. ఇంట్లో సింగిల్ ఫేజ్ కరెంటే ఉన్నా ఇబ్బంది లేదు. సింగిల్ ఫేజ్ తీసుకుని త్రీ ఫేజ్ ఇచ్చే వీఎఫ్‌డీలు దొరుకుతాయి. కానీ మోటారు మాత్రం త్రీ ఫేజ్‌దే అయి ఉండాలి. "ఇప్పటికి సింగిల్ ఫేజ్ మోటారు పెట్టుకుని, తర్వాత వీఎఫ్‌డీ తగిలిస్తాను" అనుకునేవాళ్ళు చాలామంది. కెపాసిటర్ ఉన్న సింగిల్ ఫేజ్ మోటారు ఈ వీఎఫ్‌డీతో నడవదు. అంటే మోటారు రెండోసారి కొనాలి. వీఎఫ్‌డీ ఎప్పటికైనా పెట్టాలని ఉంటే మొదటి రోజే త్రీ ఫేజ్ మోటారు, వీఎఫ్‌డీ కలిపి కొనండి. ఆ డబ్బు సమకూరే వరకు ఆకురాళ్ళతో పని కొనసాగించండి.

వీఎఫ్‌డీ తీసుకునేటప్పుడు:

- మోటారు ప్లేటు మీద 230/400 వోల్టులు అని ఉంటే, 230 వోల్టుల వీఎఫ్‌డీకి మోటారును డెల్టా కనెక్షన్‌లో కలపాలి. ఈ వైరింగు ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి.
- మోటారు ప్లేటు మీదున్న ఆంపియర్లను వీఎఫ్‌డీ సెట్టింగుల్లో నమోదు చేయించండి. ఇది చేయకపోతే ఓవర్‌లోడ్ రక్షణ సరిగా పనిచేయదు.
- వీఎఫ్‌డీకీ మోటారుకూ మధ్య స్విచ్చు పెట్టకండి. నడుస్తుండగా ఆ స్విచ్చు తీస్తే వీఎఫ్‌డీ దెబ్బతినే ప్రమాదం ఉంది. ఆన్, ఆఫ్ రెండూ వీఎఫ్‌డీ నుంచే జరగాలి.
- ఇనుప రజను కరెంటును పారిస్తుంది. చిల్లులున్న డబ్బాలో వచ్చే చవక వీఎఫ్‌డీలోకి అది పోతే షార్ట్ అవుతుంది. ఐపీ 65 (దుమ్ము, నీళ్ళు లోపలికి పోకుండా ఎంత రక్షణ ఉందో చెప్పే అంకె) లేదా అంతకన్నా ఎక్కువ రేటింగ్ ఉన్నది కొనండి. లేదా యంత్రానికి దూరంగా, రజను చేరని చోట బిగించి నాబ్‌ను మాత్రం దగ్గరికి తెచ్చుకోండి. వీఎఫ్‌డీని గాలి ఆడని చిన్న పెట్టెలో మూసేస్తే వేడెక్కుతుంది, అదీ మంచిది కాదు.
- బాగా తక్కువ వేగంలో మోటారు ఫ్యాన్ కూడా నెమ్మదిస్తుంది. చాలాసేపు అలా నడపాల్సి వస్తే మోటారు వేడిని చూసుకుంటూ ఉండండి.

మామూలు ఫ్యాన్ రెగ్యులేటరు, లైటు డిమ్మరు తగిలించి సింగిల్ ఫేజ్ మోటారు వేగం తగ్గించాలని చూడకండి. మోటారు బలం పోతుంది, కాలిపోతుంది.

5. మోటారు ప్లేటు చదవండి

డబ్బా మీద రాసిన హెచ్‌పీని వదిలేసి మోటారుకు అంటించిన ప్లేటు చూడండి. 1 హెచ్‌పీ అంటే 746 వాట్లు. ఒక యంత్రం మీద 1.5 హెచ్‌పీ అని పెద్ద అక్షరాల్లో ఉందనుకోండి. ప్లేటు మీద 230 వోల్టులు, 2.5 ఆంపియర్లు అని ఉంది. గుణిస్తే 575. ఒకటిన్నర హెచ్‌పీ బయటికి రావాలంటే 1119 వాట్లు కావాలి. లోపలికి వెళ్ళేదే 575 దాటనప్పుడు అంత బయటికి ఎలా వస్తుంది? నిజమైన 1 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు 230 వోల్టుల దగ్గర నిండు లోడులో సుమారు 5 ఆంపియర్లు, ఆపైన తీసుకుంటుంది. 120 వోల్టుల దగ్గర దానికి రెట్టింపు.

అదే ప్లేటు మీద ఎస్1 అని ఉంటే ఆపకుండా నడపవచ్చు. ఎస్2 30 నిమిషాలు అని ఉంటే అరగంట తర్వాత ఆపి చల్లారనివ్వాలి. చిన్న బల్లమీది యంత్రాల్లో ఇది తరచుగా కనిపిస్తుంది. ఎస్2 అయితే కొనకూడదని కాదు, ఆ సమయానికి లోబడి పనిచేయాలి.

2×72కు ఎంత కావాలి? 1 హెచ్‌పీతో మొదలుపెట్టవచ్చు, 1.5 ఉంటే హాయి, 2 ఉంటే గరుకు బెల్టును గట్టిగా నొక్కినా లొంగదు. 2×42కు ముప్పావు చాలు. మోటారు పూర్తిగా మూసి ఉన్న రకం అయి ఉండాలి. గాలి చిల్లులున్న మోటారులోకి ఇనుప రజను చేరి చుట్టలను పాడుచేస్తుంది.

ఫ్రేము ఒకచోట, మోటారు ఒకచోట కొనేవాళ్ళు షాఫ్టు వ్యాసం తప్పకుండా చూడండి. ఐఈసీ, నెమా అనేవి మోటారు సైజుల ప్రమాణాలు. ఐఈసీ 80 ఫ్రేమ్ మోటారుకు 19 మిల్లీమీటర్లు, 90 ఫ్రేమ్‌కు 24. నెమా 56 ఫ్రేమ్‌కు 5/8 అంగుళం. డ్రైవ్ వీల్ చిల్లు దీనికి సరిగ్గా సరిపోవాలి. రేకు చుట్టి బిగించే ఆలోచన వద్దు, చక్రం కేంద్రం తప్పుతుంది.

6. కరెంటు పెట్టకముందే చేత్తో పరీక్షించండి

యంత్రం ముందుంది, అమ్మేవాళ్ళు స్విచ్చు వేయబోతున్నారు. కాసేపు ఆగమనండి.

ప్లేటెన్ మీద, అంటే బెల్టు వెనకుండే చదునైన ఇనుప పలక మీద, స్టీలు స్కేలును అంచు మీద నిలబెట్టి వెనకనుంచి టార్చి వెయ్యండి. నిలువుగా, అడ్డంగా, రెండు మూలలకూ. వెలుతురు గీత సన్నగా ఒకే తీరున ఉంటే మంచిది. మధ్యలో లావుగా కనిపిస్తే పలక గుంట పడింది. వాడిన యంత్రాల్లో ఇది మామూలే, పలక మార్చుకోవచ్చు. ధర మాత్రం తగ్గించమనండి. పలక పల్చటి రేకై, వేలితో నెట్టితే వంగుతుంటే అది కత్తులకు పనికిరాదు.

టూల్ రెస్ట్ మీద మూలమట్టం పెట్టి ప్లేటెన్‌కు 90 డిగ్రీల్లో వస్తుందో లేదో చూడండి. బిగించాక రెస్ట్‌ను రెండు చేతులతో కిందికి నొక్కండి. కదిలితే కోణం నిలవదు. బెల్టుకూ రెస్ట్‌కూ మధ్య సందు 2, 3 మిల్లీమీటర్లకు తగ్గించుకునే వీలుండాలి. ఎక్కువ సందు ఉంటే బ్లేడు కొన అందులోకి జారిపోతుంది.

తర్వాత బెల్టు తీసేసి చక్రాలను ఒక్కొక్కటిగా వేలితో తిప్పండి. గరగర శబ్దం వస్తే బేరింగు పోయింది. తిరుగుతున్న చక్రం అంచు దగ్గర పెన్సిలు మొన కదలకుండా పట్టుకోండి. మొనకూ చక్రానికీ మధ్య సందు పెరుగుతూ తగ్గుతూ ఉంటే చక్రం గుండ్రంగా లేనట్టే. ట్రాకింగ్ వీల్ మధ్యలో కాస్త ఉబ్బుగా ఉండాలి. ఆ ఉబ్బే బెల్టును మధ్యలో నిలబెడుతుంది.

7. పక్కన పెట్టిన డబ్బు ఖర్చు చేయండి

మొదట మాస్కు. గుడ్డ మాస్కు చాలదు. పీ100 లేదా పీ3 ఫిల్టర్లున్న రబ్బరు మాస్కు తీసుకోండి. స్టెయిన్‌లెస్ రజను, జీ10 (పిడికి వాడే గాజునార, ఎపాక్సీ పలక), కార్బన్ ఫైబర్, ఎముక, కొమ్ము పొడి ఊపిరితిత్తులకు హాని చేస్తాయి. కళ్ళద్దాలు, చెవులకు ప్లగ్గులు కూడా కొనండి. గుడ్డ గ్లవ్స్, వదులు చేతుల చొక్కాలు వద్దు, బెల్టు లాగేస్తుంది. చేతికి వేడి తెలియడం కూడా అవసరమే.

తర్వాత బెల్టులు. 1 హెచ్‌పీ, ఆపైన మోటారుంటే గరుకు పనికి 36 లేదా 60 గ్రిట్ సిరామిక్. సిరామిక్ గింజ కాస్త ఒత్తిడి పడితేనే విరిగి కొత్త మొన తేలుతుంది. చిన్న మోటారు ఆ ఒత్తిడి తట్టుకోలేదు, బెల్టు నున్నబడిపోతుంది. అందుకని 1×30 లాంటి వాటికి జిర్కోనియా, అల్యూమినియం ఆక్సైడ్ బెల్టులు మేలు. ఆ తర్వాత 120, 220, 400. 60 నుంచి ఒకేసారి 220కి దూకకండి. 60 గీతలు పోవడానికే 220 బెల్టు అరిగిపోతుంది.

8. బిగించి, ట్రాకింగ్ కుదర్చండి

బల్లకు బోల్టులతో బిగించండి. చుట్టూ కాగితాలు, నూనె గుడ్డలు, రంపపు పొట్టు లేకుండా చూసుకోండి. నిప్పురవ్వలు పడేచోట బెల్టు కింద నీళ్ళ బకెట్టు పెట్టండి. బ్లేడు చల్లార్చడానికి ఇంకో బకెట్టు.

బెల్టు లోపలి వైపు బాణం గుర్తుంటే తిరిగే దిశలో ఉండేలా ఎక్కించండి. ప్లేటెన్ దగ్గర బెల్టు కిందికి దిగాలి. పైకి వెళ్తుంటే ముక్క మీ ముఖం మీదికి ఎగురుతుంది. త్రీ ఫేజ్ మోటారైతే రెండు వైర్లు మార్చగానే దిశ మారుతుంది, ఈ పని కరెంటు పూర్తిగా తీసేశాకే.

ప్లగ్గు తీసేసి, బెల్టును చేత్తో కొన్ని చుట్లు తిప్పండి. ఒక పక్కకు జరుగుతుంటే ట్రాకింగ్ నాబ్‌ను కొద్దిగా తిప్పండి. నిలబడ్డాక కరెంటు పెట్టి, యంత్రానికి ఎదురుగా కాకుండా పక్కన నిలబడి, ఒక్క క్షణం వేసి ఆపండి. బాగుంటే మళ్ళీ వేయండి. వీఎఫ్‌డీ ఉంటే అతి తక్కువ వేగంలో మొదలుపెట్టండి.

9. మైల్డ్ స్టీల్ ముక్కతో పరీక్షించండి

మొదటి రోజు బ్లేడు స్టీలును ముట్టుకోకండి. పట్టీ ముక్క తీసుకుని ఈ నాలుగు పరీక్షలు చేయండి.

చదును పరీక్ష: పట్టీ ముఖం మీద మార్కరుతో అడ్డగీతలు గీసి ప్లేటెన్‌కు ఆనించండి. గీతలు అన్నిచోట్లా సమానంగా చెరిగితే మంచిది. అంచులే చెరిగి మధ్యలో మిగిలినా, మధ్యలోనే చెరిగి అంచులు మిగిలినా పట్టీనే కాస్త వంకర ఉండొచ్చు, తిప్పి రెండో ముఖం కూడా చూడండి. రెండు ముఖాల మీదా ఒకే తీరున వస్తే ప్లేటెన్ సంగతి చూడాలి.

బలం పరీక్ష: 60 గ్రిట్ బెల్టుతో, పని చేసేటప్పుడు నొక్కేంత గట్టిగా నొక్కండి. శబ్దం కాస్త దిగి నిలబడితే పర్వాలేదు. బెల్టు ఆగిపోయి మోటారు తిరుగుతూనే ఉంటే బెల్టును బిగించే స్ప్రింగు టెన్షన్ చాలలేదు. మోటారే ఆగిపోతే దాని బలం అంతే.

అదురు పరీక్ష: చేయి ఆనించినప్పుడు ఒకే లయలో టక్ టక్ మని తగులుతుంటే బెల్టు అతుకు లావుగా ఉంది. వేరే బెల్టు వేసి చూడండి. ఏ బెల్టుకైనా తగులుతుంటే చక్రం తప్పు.

వేడి పరీక్ష: 20 నిమిషాలు పనిచేశాక యంత్రం ఆపి, మోటారు బాడీ మీద అరచేయి పెట్టండి. వెచ్చగా ఉండటం మామూలే. కాసేపు కూడా చేయి ఉంచలేకపోతే, కాలిన వాసన వస్తే, అమ్మినవాళ్ళకు తిరిగి ఇవ్వండి.

ఈ పరీక్షలు అయ్యాక అదే పట్టీ మీద బెవెల్ సాధన చేయండి. పట్టీ అంచు మధ్యలో మార్కరు పూసి, రెండు సన్నటి గీతలు గీసుకుని, ఆ గీతల దాకా రెండు వైపులా తీయండి. కొనవైపు నుంచి చూస్తే రెండు వాలులూ ఒకే ఎత్తులో, అంచు నడిమధ్యలో ఉండాలి. ఇది కుదిరే వరకు మంచి స్టీలు ఖర్చు చేయకండి.

తరచుగా జరిగే తప్పులు

అరిగిన బెల్టును లాగి లాగి వాడటం. బెల్టు కోత తగ్గగానే మనం తెలియకుండా ఇంకా గట్టిగా నొక్కుతాం. లోహం తెగదు, వేడెక్కుతుంది. చెయ్యి కూడా జారుతుంది. బ్లేడు త్వరగా వేడెక్కుతోంది, నిప్పురవ్వలు పల్చబడ్డాయి అంటే బెల్టు మార్చాలి. అరిగిన గరుకు బెల్టును పారేయకండి, చెక్క పిడి పనికి ఉంచుకోండి.

గట్టిపరిచిన బ్లేడును వేడెక్కనివ్వడం. టెంపరింగ్‌లో (గట్టిపరిచాక పెళుసుతనం తగ్గించడానికి మళ్ళీ వేడిచేయడం) చాలా కార్బన్ స్టీళ్ళను సుమారు 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచుతాం. గ్రైండర్ మీద ఆ వేడి దాటితే గట్టిదనం తగ్గుతుంది. పల్చటి అంచు దగ్గర ఇది రెప్పపాటులో జరుగుతుంది. లేత గడ్డి రంగు కనిపించిందంటే దాదాపు ఆ వేడికి చేరింది. నీలం వచ్చిందంటే 290 డిగ్రీలు దాటినట్టే. నీలం రంగును 400 గ్రిట్‌తో తుడిచేస్తే కనిపించదు, మెత్తబడిన లోహం మాత్రం అలాగే ఉంటుంది. ఆ భాగం మొత్తం తీసేయాలి, లేదా మళ్ళీ గట్టిపరచాలి. గ్లవ్స్ లేకుండా పట్టుకుని, ప్రతి ఒకటి రెండు విడతలకూ నీళ్ళలో ముంచండి. నీటి చుక్క అంచు మీద నిలిచి ఉండగానే తీయండి. అది ఆవిరి కావడం మొదలైతే మళ్ళీ ముంచండి.

ఒకే చోట ఆగడం. బ్లేడును బెల్టుకు ఆనించే ముందే చెయ్యి కదులుతూ ఉండాలి, తీసేటప్పుడు కూడా కదులుతూనే తీయాలి. కొన దగ్గర ఆగితే కొన గుండ్రమవుతుంది.

లోహపు రజను, చెక్కపొడి ఒకే సంచిలో చేర్చడం. స్టీలు నిప్పురవ్వ చెక్కపొడిలో పడితే లోలోపల రాజుకుని గంటల తర్వాత మంట లేస్తుంది. స్టీలు మీద పనిచేసే ముందు చెక్కపొడి మొత్తం తీసేయండి. వాక్యూమ్ క్లీనర్‌ను నిప్పురవ్వల దగ్గర పెట్టకండి. అల్యూమినియం, టైటానియం, మెగ్నీషియం పొడిని స్టీలు రజనుతో అసలు కలవనివ్వకండి, ఆ మంట నీళ్ళతో ఆరదు.

పాతది కొనాలనుకుంటే

తక్కువ ఖర్చుకు ఇది మంచి దారే. పైన ఆరో అంచెలో చెప్పినవన్నీ చేయండి, వాటితోపాటు మూడు విషయాలు చూడండి. యంత్రాన్ని చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టించండి. ముందే నడిపి వేడిగా ఉంచితే స్టార్టింగ్ కెపాసిటర్ లోపం బయటపడదు. స్విచ్చు ఆపాక డ్రైవ్ వీల్ ఎలా ఆగుతుందో వినండి, చివరి చుట్లలో గరగర వస్తే మోటారు బేరింగులు మార్చాలి. ఆ బెల్టు సైజు ఇంకా తయారవుతోందో లేదో డబ్బు ఇచ్చే ముందే కనుక్కోండి.

ప్లేటెన్ గుంట పడి ఉంటే వెనక్కి తగ్గక్కర్లేదు. అదే కొలతకు గట్టిపరిచిన స్టీలు పలక చేయించి బిగించవచ్చు. లేదా వేడి తట్టుకునే సిరామిక్ గాజు పలకను హై టెంపరేచర్ ఎపాక్సీతో అతికించవచ్చు. గాజు వేస్తే దాని కింది అంచుకు చిన్న ఇనుప ఆసరా బిగించండి. బెల్టు ఎప్పుడూ కిందికే లాగుతుంది, ఆ ఆసరా ఉంటే జిగురు వదిలినా పలక జారి పడదు.